నొప్పుల సూదికి కొలత పెట్టిన డేల్

నెలలు నిండి నాలుగు రోజులు దాటినా నొప్పులు రావు. లేదంటే పొద్దుటి నుంచి వచ్చి పోతూ ఉంటాయి కానీ కాన్పు ముందుకు సాగదు. ఇంటిల్లిపాదికీ కంగారు. ఒక సూది వేయిస్తే తొందరగా తేలిపోతుంది కదా అని పెద్దవాళ్లలో ఎవరో ఒకరు అననే అంటారు. కరీంనగర్‌లోనైనా, ఆదిలాబాద్‌లోనైనా ఈ మాట వినని ఆడవాళ్లు అరుదు.

ఇంతకీ ఆ సూదిలో ఉండేదేమిటి? ఆక్సిటోసిన్ అనే హార్మోను. మెదడు అడుగున బఠాణీ గింజంత ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి మన ఒంట్లోకి విడుదలయ్యేదే. గర్భసంచి కండరాన్ని బిగించి బిడ్డను బయటకు నెట్టేదీ, ఆ తర్వాత తల్లికి పాలు చేపుకు వచ్చేలా చేసేదీ ఇదే. పశువుల పిట్యూటరీ నుంచి తీసిన రసానికి గర్భసంచిని బిగించే శక్తి ఉందని 1906లో మొదట చూపించినవాడు హెన్రీ హాలెట్ డేల్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త. ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది వేరే పనికి. కానీ ఆడవాళ్లు ఆయనను తలుచుకోవలసింది రెండు పనులకు. ఒకటి, ఈ మందు శక్తిని కనిపెట్టడం. రెండోది, ఆ శక్తికి ఒక కొలత ఏర్పరచడం. మొదటి పని ఫలితం ఊరూరికీ చేరింది. రెండో పనిని మరిచిపోయినచోటల్లా తల్లీబిడ్డల ప్రాణాల మీదికి వస్తోంది.

పింగాణీ వ్యాపారి కొడుకు

డేల్ 1875 జూన్ 9న లండన్‌లో పుట్టాడు. తండ్రి పింగాణీ సామాను వ్యాపారంలో ఉండేవాడు. ఏడుగురు పిల్లల మధ్యతరగతి ఇల్లు. చదువులో చురుకైన కుర్రవాడు కావడంతో స్కాలర్‌షిప్‌ల మీద కేంబ్రిడ్జి దాకా వెళ్లాడు. అక్కడ శరీరధర్మ శాస్త్రం చదివి, ఆ తర్వాత లండన్‌లోని సెయింట్ బార్తొలొమ్యూస్ ఆసుపత్రిలో వైద్యం నేర్చుకున్నాడు. డాక్టరయ్యాడే గానీ ఆయన మనసంతా పరిశోధన మీదే. కొన్నాళ్లు జర్మనీ వెళ్లి పాల్ ఎర్లిక్ దగ్గర కూడా పనిచేసి వచ్చాడు.

1904లో తల్లి తరఫు బంధువుల అమ్మాయి ఎలెన్ హాలెట్‌ను పెళ్లి చేసుకున్నాడు. సంసారం అన్నాక స్థిరమైన జీతం కావాలి కదా! అదే ఏడాది మందుల వ్యాపారి హెన్రీ వెల్‌కమ్ తన పరిశోధనశాలలో ఉద్యోగం ఇస్తానన్నాడు. మందుల కంపెనీలో చేరితే నీ శాస్త్రం అక్కడితో సరి అని స్నేహితులు హెచ్చరించారు. డేల్ వినలేదు. చేరాడు. రెండేళ్లలోనే ఆ పరిశోధనశాలకు డైరెక్టరయ్యాడు. ఎర్గాట్ సంగతి కొంచెం చూడమని వెల్‌కమ్ ఆయనను కోరాడు. అక్కడే కథ మలుపు తిరిగింది.

బూజు పట్టిన కంకి నుంచి...

ఎర్గాట్ అంటే రై అనే ధాన్యం కంకులకు పట్టే ఒక రకం బూజు. మన సజ్జ కంకులకు పట్టే తేనెబంక తెగులు కూడా ఈ జాతిదే. ఆ గింజలు కలిసిన రొట్టె తిని పూర్వం యూరప్‌లో వేల మంది కాళ్లూ చేతులూ కుళ్లి చనిపోయారు. అదే గింజలు కొద్దిగా నూరి ఇస్తే గర్భసంచి గట్టిగా బిగుసుకుంటుందని అక్కడి మంత్రసానులకు ఎప్పటి నుంచో తెలుసు. 19వ శతాబ్దం మొదట్లో డాక్టర్లు కూడా కాన్పు తొందరగా కావడానికి దాన్ని వాడడం మొదలుపెట్టారు.

ఫలితం? చచ్చి పుట్టే బిడ్డలు ఎక్కువయ్యారు. గర్భసంచులు చిట్లిపోయాయి. 1824లో న్యూయార్క్ డాక్టర్ డేవిడ్ హోసాక్ దీన్ని పురుడు పోసే పొడి అనడం కాదు, చావు తెచ్చే పొడి అనాలని తేల్చి చెప్పాడు. బిడ్డ పుట్టిన తర్వాత రక్తం ఆగడానికి మాత్రమే వాడాలన్నది ఆయన సలహా. రెండు వందల ఏళ్లు దాటినా ఆ సలహాలోని సారం పాతబడలేదు. అది ముందు ముందు చూద్దాం.

ఎర్గాట్‌లో పనిచేసే పదార్థం ఏమిటో తేల్చడానికి డేల్, ఆయన సహచరుడు రసాయన శాస్త్రవేత్త జార్జ్ బార్జర్ కలిసి కూర్చున్నారు. ఆ పరీక్షల మధ్యలోనే, 1906లో, డేల్ పశువుల పిట్యూటరీ గ్రంథి వెనక భాగం నుంచి తీసిన రసాన్ని ఒక చూడి పిల్లి మీద ప్రయోగించి చూశాడు. గర్భసంచి గట్టిగా ముడుచుకుంది! ఆయన వెతుకుతున్నది అది కాదు. అయినా చూసింది చూసినట్టు రాసి పెట్టాడు. వెతకనిది కనిపించినప్పుడు పక్కకు నెట్టేయకపోవడమే ఆయన గొప్పతనం.

మందు దొరికింది, కొలత దొరకలేదు

మూడేళ్లు తిరిగేసరికి, 1909లో, లివర్‌పూల్ డాక్టర్ విలియం బ్లెయిర్ బెల్ ఈ పిట్యూటరీ రసాన్ని ఆడవాళ్ల వైద్యంలో వాడి, ఫలితాలు ప్రచురించాడు. కాన్పు తర్వాత ఆగని రక్తస్రావానికి ఇది బాగా పనిచేసింది. ఇంకేం, మందుల కంపెనీలు గాజు గొట్టాల్లో నింపి అమ్మడం మొదలుపెట్టాయి. నొప్పులు మందగించిన ప్రతి కాన్పుకూ కండకు ఒక సూది వేయడం చాలాచోట్ల అలవాటైపోయింది. ఎర్గాట్‌తో జరిగిన అనర్థమే మళ్లీ మొదలు. గర్భసంచి చిట్లడం, బిడ్డకు ఊపిరి అందకపోవడం.

ఎందుకిలా? కారణాలు రెండు. మొదటిది, ఒక కంపెనీ రసానికీ ఇంకో కంపెనీ రసానికీ శక్తిలో పొంతన లేదు. ఒకే కంపెనీ తయారుచేసిన రెండు విడతల మధ్య కూడా తేడాలుండేవి. నిన్నటి గొట్టం నీళ్లలా ఉంటే, ఇవాళ్టిది నిప్పులా ఉండేది. ఎంత వేస్తున్నామో వేసేవాళ్లకే తెలియదు. రెండోది, కండకు వేసిన మందును మళ్లీ వెనక్కి తీయలేం.

మొదటి చిక్కును విప్పే పని డేల్ తన నెత్తిన వేసుకున్నాడు. 1912లో ఆయన, లెయిడ్‌లా అనే సహచరుడు కలిసి గినీ పంది గర్భసంచి ముక్కను ఉప్పునీటిలో వేలాడదీసి, మందు తగిలినప్పుడు అది ఎంత ముడుచుకుంటుందో కొలిచే పద్ధతి కనిపెట్టారు. 1914లో డేల్ కంపెనీ ఉద్యోగం వదిలి ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థకు మారాడు. 1922లో జె. హెచ్. బర్న్‌తో కలిసి పిట్యూటరీ మందుల కొలతల మీద నివేదిక ఇచ్చాడు. నానాజాతి సమితి పిలిచిన సమావేశాల్లో దేశదేశాల శాస్త్రవేత్తలను ఒక మాట మీదికి తెచ్చాడు. 1925లో జెనీవాలో నిర్ణయం జరిగింది. ఎండబెట్టిన పిట్యూటరీ పొడి అర మిల్లీగ్రాములో ఉన్న శక్తి ఒక యూనిట్. ప్రపంచంలో ఎవరు మందు తయారుచేసినా ఆ పొడితో పోల్చి చూసుకోవాల్సిందే.

మన ఇళ్లలో షుగర్ ఉన్నవాళ్లు ఇన్సులిన్ ఇన్ని యూనిట్లు అని లెక్కపెట్టి వేసుకుంటారు కదా. ఆ లెక్క వెనక కూడా డేల్ ఉన్నాడు. ఇన్సులిన్ కనిపెట్టిన కొత్తలో, 1922లో, ఆయన స్వయంగా టొరంటో వెళ్లి చూసి వచ్చాడు. దాని కొలత ఖాయం చేయడంలోనూ ముందు నిలిచాడు. వెలుగులోకి వచ్చే పని కాదిది. తక్కెడ రాళ్లు సరిచూసే పని లాంటిది. కానీ రాయి తప్పయితే సరుకెంత మంచిదైనా ఏం లాభం?

కండకు కాదు, చుక్క చుక్కగా

రెండో చిక్కు తీరడానికి ఇంకో పాతికేళ్లు పట్టింది. 1928లో అమెరికాలో కామ్, ఆయన సహచరులు పిట్యూటరీ రసాన్ని రెండుగా విడదీశారు. గర్భసంచిని ముడిచేది ఆక్సిటోసిన్. గ్రీకు భాషలో త్వరగా పురుడు అన్న అర్థం వచ్చే మాటల నుంచి ఆ పేరు వచ్చింది. 1948లో బ్రిటిష్ డాక్టర్ థియొబాల్డ్ దీన్ని సెలైన్‌లో బాగా పలచన చేసి నరానికి చుక్కచుక్కగా ఎక్కించే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. 1953లో అమెరికా శాస్త్రవేత్త విన్సెంట్ దు విన్యో తొమ్మిది అమైనో ఆమ్లాలను గొలుసులా కూర్చి ఆక్సిటోసిన్‌ను ప్రయోగశాలలోనే తయారుచేశాడు. 1955లో ఆయనకు నోబెల్ వచ్చింది. అప్పటి నుంచి పశువుల గ్రంథుల అవసరం తగ్గిపోయింది.

చుక్కచుక్కగా ఎక్కించడంలో ఏమిటంత విశేషం? ఒక్క లెక్క చూడండి. ఒక గాజు గొట్టంలో సాధారణంగా 5 గానీ 10 గానీ యూనిట్ల మందు ఉంటుంది. నొప్పులు రప్పించడానికి ఆసుపత్రిలో మొదలుపెట్టేది నిమిషానికి ఒక యూనిట్‌లో వెయ్యో వంతు, మహా అయితే రెండు వంతులు. ఆ రెండు వంతుల వేగంతోనే నడిపితే 10 యూనిట్ల గొట్టం మూడు రోజులకు పైగా వస్తుంది! అదే గొట్టాన్ని ఇంటి దగ్గర ఒక్క పోటుతో కండకు దింపితే ఏమవుతుందో వేరే చెప్పాలా?

నొప్పి వచ్చినప్పుడు గర్భసంచి బిగుసుకుని మాయకు వెళ్లే రక్తం తగ్గుతుంది. నొప్పికీ నొప్పికీ మధ్య సందులోనే బిడ్డకు మళ్లీ ప్రాణవాయువు అందుతుంది. మందు ఎక్కువైతే ఆ సందు లేకుండా పోతుంది. పది నిమిషాల్లో అయిదుకు మించి నొప్పులు వస్తే అది ప్రమాద సూచన. డ్రిప్ అయితే వెంటనే ఆపేయవచ్చు. ఆక్సిటోసిన్ రక్తంలో ఎక్కువసేపు నిలవదు, కొద్ది నిమిషాల్లోనే జోరు తగ్గుతుంది. కండకు వేస్తే అది ఇంకిపోయేదాకా చూస్తూ కూర్చోవడమే. పైగా ఈ మందుకు ఒక్కో ఒళ్లు ఒక్కోలా స్పందిస్తుంది. పక్కింటి కోడలికి సరిపోయినంత మీ అమ్మాయికి ఎక్కువ కావచ్చు. అందుకే తక్కువతో మొదలుపెట్టి, అరగంటకోసారి చూసుకుంటూ పెంచుతారు.

మన జిల్లాల సంగతి

ఇప్పుడు మన గడపలోకి వద్దాం. పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు 2016లో ఎనిమిదికి పైగా ముక్కలయ్యాయి. జిల్లా ఆసుపత్రి దగ్గరైన ఊళ్లున్నాయి. ఉట్నూరు, జైనూరు, తిర్యాణి వైపు వానాకాలం వాగు పొంగితే దారి తెగిపోయే గూడేలూ ఉన్నాయి. ఆసుపత్రి దూరమైనకొద్దీ ఇంట్లోనే సూది అన్న ఆశ పెరుగుతుంది. నిజానికి ఆసుపత్రి దూరమైనచోటే ఆ సూది మరింత ప్రమాదం. గర్భసంచి చిట్లితే గంటల్లో కాదు, నిమిషాల్లో ఆపరేషన్ కావాలి.

రెండోవైపు చూస్తే ఇంకో రకం తొందర. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో నూటికి 60కి పైగా కాన్పులు ఆపరేషన్‌తోనే జరిగినట్టు తేలింది. కరీంనగర్ జిల్లాలో అయితే నూటికి 80కి పైనే! ముహూర్తం కోసమో, నొప్పులకు భయపడో, వేచి చూసే ఓపిక లేకో కోత కోయించుకునేవాళ్లు ఎందరో. పల్లెలో తొందర సూదిగా, పట్నంలో తొందర కత్తిగా మారింది. రెంటికీ మూలం ఒకటే. పక్కన కూర్చుని ఓపిగ్గా చూసే మనిషి లేకపోవడం.

ఆ మనిషిని తయారుచేసే ప్రయత్నం మొదలైంది కూడా కరీంనగర్‌లోనే. 2017లో తెలంగాణ ప్రభుత్వం ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యూనిసెఫ్ సహకారంతో 30 మంది నర్సులకు 18 నెలల మిడ్‌వైఫ్ శిక్షణ అక్కడే ప్రారంభించింది. నొప్పులు పడే తల్లిని కనిపెట్టుకుని ఉండడం, నడిపించడం, బిడ్డ గుండె చప్పుడు వినడం, డాక్టరును ఎప్పుడు పిలవాలో తెలుసుకోవడం ఆ చదువులో భాగం. డేల్ పెట్టిన కొలత కాగితం మీద ఎంత ఉన్నా, దాన్ని అమలుచేసేది ఇలాంటి చేతులే.

సూది ఎప్పుడు మంచిది?

ఇదంతా చదివి ఆక్సిటోసిన్ అంటేనే భయపడకండి. బిడ్డ పుట్టగానే తల్లికి 10 యూనిట్లు ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. అప్పుడు కండకు వేసినా ఫరవాలేదు, లోపల బిడ్డ లేదు కదా. గర్భసంచి గట్టిగా ముడుచుకుని రక్తస్రావం అదుపులో ఉంటుంది. కాన్పు తర్వాత రక్తం ఆగక పోయే ప్రాణాలను కాపాడుతున్నది ఈ సూదే. దీన్ని వద్దనకూడదు. బిడ్డ పుట్టకముందు కండకు వద్దు, పుట్టాక తప్పనిసరి. ఈ ఒక్క ముక్క ఇంట్లో అందరికీ తెలిస్తే చాలు.

నొప్పులు రప్పించాలని డాక్టరు చెప్పినా కంగారు పడనక్కర్లేదు. రోజులు బాగా దాటిపోవడం, బి.పి. పెరగడం, ఉమ్మనీరు పోయినా నొప్పులు రాకపోవడం లాంటి కారణాలుంటే అది అవసరమే. కాకపోతే కొన్ని అడిగి తెలుసుకోవాలి. నొప్పులు ఎందుకు రప్పిస్తున్నారు? అవసరమైతే ఆపరేషన్ చేసే ఏర్పాటు అక్కడే ఉందా? డ్రిప్ నడిచినంతసేపూ పక్కన ఎవరుంటారు? బిడ్డ గుండె ఎంతసేపటికోసారి వింటారు? ఇలా అడగడం డాక్టరును అవమానించడం కాదు. మొదటి కాన్పు ఆపరేషన్ అయివుంటే ఆ సంగతి ముందే చెప్పాలి. పాత కుట్టు దగ్గర గర్భసంచి చిట్లే ప్రమాదం ఎక్కువ. డ్రిప్ వేగం పెంచే చక్రాన్ని ఇంట్లోవాళ్లు ఎవరూ ముట్టుకోకూడదు. నొప్పులు విడవకుండా వస్తున్నా, తలనొప్పి, వాంతి, మగత అనిపించినా వెంటనే నర్సును పిలవాలి.

ఇంకో మాట. ఈ మందును 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. రామగుండం, జగిత్యాల, ఆదిలాబాద్ ఎండల్లో 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. సంచీలోనో, షాపు అరలోనో మగ్గిన గొట్టంలో శక్తి ఎంత మిగిలిందో ఎవరికీ తెలియదు. పనిచేయలేదని ఇంకోటి, ఆపైన ఇంకోటి వేస్తే? డేల్ కంటే ముందు కాలానికి వెళ్లిపోయినట్టే. బర్రెలు పాలు చేపడానికి దొంగచాటుగా వేసే సూది కూడా ఈ మందే. ఆ దుర్వినియోగం ఆపాలని 2018లో కేంద్రం ప్రైవేటు కంపెనీల తయారీని నిలిపేయబోతే, తల్లులకు మందు అందకుండా పోతుందన్న ఆందోళన మధ్య అదే ఏడాది డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. మందు అందాలి, కానీ పక్కదారి పట్టకూడదు. రెండూ ముఖ్యమే.

తొంభై మూడేళ్ల నిండు జీవితం

డేల్ 1928 నుంచి 1942 దాకా బ్రిటన్ జాతీయ వైద్య పరిశోధన సంస్థకు డైరెక్టరుగా ఉన్నాడు. ఆయన హయాంలోనే, 1935లో, అక్కడి డడ్లీ, డాక్టర్ చాసర్ మోయిర్ కలిసి ఎర్గాట్ నుంచి ఎర్గోమెట్రిన్ తీశారు. కాన్పు తర్వాత రక్తం ఆపే మరో మంచి మందు అది. చిత్రమేమిటంటే, డేల్, బార్జర్ ఎన్నేళ్లు వెతికినా చేతికి చిక్కని పదార్థం అదే. మంత్రసానులు వాడిన నీళ్ల కషాయంలోనే అది దాగి ఉంది. వాళ్ల అనుభవం వట్టిది కాదని అలా తేలింది.

నరాల నుంచి కండరాలకు కబురు రసాయనాల ద్వారా అందుతుందని చూపించినందుకు 1936లో డేల్‌కు, ఆయన స్నేహితుడు ఆటో లోయీకి కలిపి నోబెల్ వచ్చింది. 1940 నుంచి 1945 దాకా, యుద్ధకాలంలో, రాయల్ సొసైటీకి అధ్యక్షుడుగా ఉన్నాడు. వెల్‌కమ్ సంపాదించిన ఆస్తిని వైద్య పరిశోధనకు ఖర్చుపెట్టే ట్రస్టును 1938 నుంచి 1960 దాకా నడిపాడు. ఆయన అల్లుడు అలెగ్జాండర్ టాడ్‌కు కూడా 1957లో నోబెల్ రావడం ఆ ఇంటి అదృష్టం. 1968 జూలై 23న 93 ఏళ్ల వయసులో కేంబ్రిడ్జిలో డేల్ కన్నుమూశాడు.

ఆయన పేరు మన కాన్పు గదుల్లో ఎక్కడా కనిపించదు. కానీ ఆక్సిటోసిన్ గొట్టం మీద అంకె పక్కన యూనిట్లు అన్న మాట ఉంటుంది. ఆ మాట లెక్కలోకి తీసుకునే చేతిలో అది ప్రాణం పోసే మందు. లెక్క తెలియని చేతికి మన ఆడపిల్లను అప్పగించకుండా చూసుకోవడం ఇంట్లోవాళ్లుగా మన వంతు.